ఊదితే కొన్నట్టే

మా ఇంట్లో అలమారా పై అరలో ఒక హార్లిక్స్ సీసా ఉండేది. పెళ్ళైన కొత్తలో దాన్ని చూసి, ఫరవాలేదు, ఒంటికి బలం చూసుకునే మనిషే దొరికాడు అనుకున్నాను. మూత తీస్తే లోపల నల్లగా, చిలక ముక్కుల్లా కోసుగా ఏవో ముక్కలున్నాయి. ఒకటీ రెండూ కాదు, సీసా సగం దాకా. ఏమిటివని అడిగితే మా ఆయన సిగ్గుపడుతూ నవ్వి, "సాక్సాఫోను మౌత్‌పీసులు. ఒక్కటీ పనికిరాదు," అన్నారు. పనికిరానివాటిని అంత భద్రంగా దాచుకునే మనిషితో కాపురం ఎలా ఉండబోతోందో నేను ఆ రోజే గ్రహించవలసింది.

మా ఆయన పేరు జగన్నాథరావు. గుమ్మలక్ష్మీపురం బజారులో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళ రోజులు వస్తే కొట్టుకి తాళం వేసి, పార్వతీపురం బ్యాండ్ మేళంలో సాక్సాఫోను వాయించడానికి పోయేవారు. నేను ఆ మండలంలోనే నర్సుని. కొండమీది ఊళ్ళు తిరిగి పిల్లలకి సూదులు వెయ్యడం, మలేరియా మాత్రలు పంచడం, ప్రతీదీ మరగబెట్టుకోండర్రా అని గొంతు పోయేలా అరవడం నా ఉద్యోగం.

సాక్సాఫోను ఎంత పెద్దదైనా, ఎంత మెరిసినా, ఊదేవాడి నోటికి తగిలేది ఆ వేలెడంత ముక్క మాత్రమే. దాని అడుగున పల్చటి రెల్లు బద్ద ఒకటి బిగిస్తారు. దాన్ని రీడు అంటారు. ఆ బద్దకీ ముక్కకీ మధ్య ఉండే సన్నటి సందులోంచే గాలి దూరి పాటగా మారుతుంది. సందు వంపు వెంట్రుకవాసి మారిందంటే పాట కూడా మారిపోతుంది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, తెలుసుకోకుండా ఆ ఇంట్లో అన్నం తినడం కుదిరేది కాదు.

సీసాలో ఉన్నవన్నీ బాలాచారి చేసినవని నమ్మి కొన్నవి. బాలాచారి సాలూరు వడ్రంగి. లారీలకి బాడీలు కట్టే షెడ్డు పక్కనే ఆయన పాక. ఫౌంటెన్ పెన్నులు చేసే నల్లటి గట్టి రబ్బరు ఉంటుంది చూశారూ, ఎబొనైట్ అంటారు, దాని లావుపాటి కడ్డీలు రాజమండ్రి నుంచి తెప్పించుకుని, ఆకురాయితో అరగదీసి మౌత్‌పీసులు చేసేవాడు. కొట్లో దొరికేవి అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవి. ఈయన మాత్రం ఊదేవాణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని, నోరు తెరిపించి పళ్ళు చూసి, కొంచెం అరగదీసి ఊదమనేవాడు, మళ్ళీ కొంచెం అరగదీసి ఊదమనేవాడు. పొద్దుగూకేదాకా వదిలేవాడు కాదు. ఒకరికి చేసినట్టు ఇంకొకరికి చెయ్యలేదు. ఆ పని ఎవరికీ నేర్పకుండానే పోయాడు. పోయాక బొబ్బిలి నుంచి పర్లాకిమిడి దాకా బ్యాండువాళ్ళందరికీ ఆయన విలువ తెలిసొచ్చింది. మనవాళ్ళకి ఎవరి విలువైనా అప్పుడే కదా తెలిసేది.

అలా బాలాచారి మౌత్‌పీసు కావాలంటే సెకండ్ హ్యాండే గతి అయింది. ఎవరో ముసలి వాయిద్యగాడు పళ్ళూడిపోయి మానేసినప్పుడో, మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేక ఎవరింట్లోనో ఇబ్బంది వచ్చినప్పుడో ఒకటి బయటపడేది. ఆ అమ్మకానికి ఒక పద్ధతి ఉంది. ఊదితే కొన్నట్టే. కొనేవాడు దాన్ని చేత్తో పట్టుకోవచ్చు, వెలుగుకెత్తి లోపలికి చూడవచ్చు, గోటితో గీకవచ్చు. నోట్లో మాత్రం పెట్టకూడదు. పెట్టాడా, అది వాడి ఎంగిలైపోతుంది, ఇక దాన్ని ఇంకొకడు కొనడు. మరి అమ్మేవాడి ఎంగిలి మాటేమిటని నేనడిగాను. అది పాత ఎంగిలి, కడిగితే పోతుందన్నారు. ఈ లెక్క ఏ శాస్త్రంలో రాసుందో నాకు తెలీదు. ఊదకుండా మౌత్‌పీసు కొనమనడం మాత్రం కళ్ళకి గంతలు కట్టి పెళ్ళిచూపులు చూపించడమే.

ఆ పద్ధతి పుణ్యమా అని బాగుపడినవాడు భీమన్న. పార్వతీపురం రైల్వేస్టేషను ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూచుని పాత వాయిద్యాలు అమ్మిపెట్టేవాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పి, "జగ్గారావూ, ఇది సూసినావేటి? బాలాచారి సేతిది. కొనమననేదు, సూడు సాలు," అనేవాడు. చూసి ఊరుకోవడం మా ఆయన జాతకంలోనే లేదు. దాన్ని ఇంటికి తెచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వాకిట్లోనే బిగించి ఊదేవారు. నేను వంటింట్లోంచి వినేదాన్ని. మొదటి ఊపిరికే తెలిసిపోయేది.  తర్వాత అలమారా తలుపు కిర్రుమనేది.

ఒకసారి ఒళ్ళు మండి అడిగేశాను. "అసలు మీకేం కావాలండీ? బానే వాయిస్తున్నారు కదా. జనం ఈలలు వేస్తున్నారు కదా."

"బానే వాయిస్తున్నాను. గాసిలాగ వాయించడం నేదు," అన్నారు.

గాసి జామిగూడ మనిషి, జాతాపు అనే కొండజాతివాడు. కొండ పెళ్ళిళ్ళలో మోరీ అని చిన్న సన్నాయిలాంటిది ఊదుకునేవాణ్ణి, ఆ ఊపిరి చూసి బ్యాండు మేస్త్రి కిందికి తీసుకొచ్చి సాక్సాఫోను చేతికిచ్చాడు. మా ఆయన మీసాలు మొలిచే వయసులో బ్యాండులో చేరి అతని పక్కనే నిలబడి వాయించేవారు. ఊరేగింపులో ఎవరు వాయించినా సినిమా పాటలే, అందులో పెద్ద విశేషం లేదు. అప్పగింతలప్పుడు మాత్రం మేస్త్రి మిగతా అందర్నీ ఆపేసి గాసి వైపు చూసేవాడట. గాసి కళ్ళు మూసుకుని, మంద్రంగా, అడుగు స్వరంలో, ఎవరి చెవిలోనో చెబుతున్నట్టు నెమ్మదిగా ఊదేవాడట. పెళ్ళికూతురి తల్లి ఏడవడంలో వింత లేదు. మగపెళ్ళివారి ఆడవాళ్ళు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవారట. 

ఒకరోజు వాయింపు ముగిశాక ఆయన గాసిని అడిగారు, ఒక్కసారి నీ మౌత్‌పీసు ఇవ్వు, ఊది చూస్తానని. గాసి గబుక్కున వెనక్కి లాక్కున్నాడట. "నా ఎంగిలి నీకెందుకు బాబూ. మీవోళ్ళు సూసినారంటే నన్ను సంపీగల్రు," అని నవ్వేశాడట. పెళ్ళిళ్ళలో బ్యాండువాళ్ళకి ఎప్పుడూ ఆఖరి పంక్తే. గాసికి ఆ పంక్తిలో కూడా చోటు లేదు, విస్తరి పట్టుకుని పందిరి బయటికి పోయి కూచోవాలి. ఆ మాట అన్నప్పుడు గాసికి కోపమైనా లేదట. అదే మా ఆయన్ని ఇన్నేళ్ళుగా తినేసింది. అన్నం పెట్టేచోట అడ్డుపడి ఒక్క మాట అనలేకపోయారు, ఆ నల్లముక్క మాత్రం అడగగలిగారు, అదీ దక్కలేదు.

తర్వాత ఒక వానాకాలం గాసికి మెదడు మలేరియా వచ్చి పోయాడు. సాక్సాఫోను బ్యాండుది కాబట్టి మేస్త్రి తీసేసుకున్నాడు. మౌత్‌పీసు మాత్రం గాసి సొంతం, బాలాచారి అతని నోరు చూసి చేసింది. భార్య పుట్టింటి ఊరికి వెళ్ళిపోయిందన్నారు. పోయినవాడి వస్తువులు వాడితోపాటే మట్టిలో పెట్టేసుంటారని ఇంకెవరో అన్నారు. ఎక్కడికని పోయి, ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు? అందుకని భీమన్న చేతిరుమాలు విప్పినప్పుడల్లా, అదే అయ్యుంటుందేమోనని ఈయన కళ్ళు వెతికేవి.

తొంభై ఎనిమిదిలో కార్తీకం వస్తూనే మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారు. అంతకుముందెప్పుడూ వేసుకోలేదు. నల్లబట్టలు, తెల్లారకముందే చన్నీళ్ళు, చాప మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేవు. కోరికేమిటని అడిగితే చెప్పలేదు. ఒకరోజు దీపం ముందు గొణుక్కుంటుంటే నా చెవిన పడింది. "స్వామీ, గాసి మౌత్‌పీసు నాకు ఒక్కసారి సూపించు." పిల్లల కోసం, ఉద్యోగాల కోసం మొక్కుకునేవాళ్ళని చూశాను. రబ్బరు ముక్క కోసం శబరిమల ఎక్కేవాణ్ణి మా ఇంట్లోనే చూశాను. మాలలో ఉన్నప్పుడు ఆడవాళ్ళందర్నీ మాత అనాలి, పెళ్ళానికీ మినహాయింపు లేదు. "మాతా, కొంచెం పప్పు వేస్తావా," అని ఆయన వినయంగా అడుగుతుంటే నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే నేను నెల్లిగూడ వెళ్ళాను. అది కొత్తగా నాకు అప్పగించిన ఊళ్ళలో ఒకటి. అప్పట్లో గాజు సిరంజిలే, వాటిని మరగబెట్టి మళ్ళీ వాడాలి. ఆ ఊళ్ళో రత్న అనే ఆవిడ తన పొయ్యి ఇచ్చేది. యాభై ఏళ్ళుంటాయి, ఒంటరి మనిషి. గిన్నె మీంచి చూపు తిప్పకుండా కూచుని, "బుడగలొచ్చీసినాయి నర్సమ్మా, ఇంక సాలేటి?" అనేది. "ఇంకాసేపు ఉండనీ రత్నమ్మా. ఒకరి ఒంట్లోది ఇంకొకరికి అంటుకోకుండా పోవాలి కదా," అనేదాన్ని. ఆవిడ తలాడించి ఇంకో పుల్ల ఎగదోసేది.

ఆ రోజు నా గిన్నె మరుగుతుండగా రత్న అటక మీంచి చోడి విత్తనాలు, అంటే రాగులు, పోసిన సొరకాయ బుర్ర దించుతోంది. దాని పక్కనున్న గుడ్డమూట జారి కింద పడింది. అందులోంచి దొర్లినదాన్ని చూసి నాకు హార్లిక్స్ సీసా గుర్తొచ్చింది.

"ఏమిటది రత్నమ్మా?"

"మా ఇంటోడి బూర ముక్కు," అంటూ దాన్ని తీసుకుని చెంపకి ఆనించుకుంది. బొటనవేలితో దాని వీపు మీద రాసింది. తర్వాత నా వేలు పట్టుకుని అక్కడ పెట్టించింది. "ఇక్కడ సూడు. ఇవి ఆడి పళ్ళే." రెండు గుంటలు తగిలాయి. ఏళ్ళ తరబడి ఒకే చోట పళ్ళు ఆని పడిన గుంటలు. నేను చెయ్యి తీశాక కూడా ఆవిడ వేలు అక్కడే తిరుగుతూ ఉంది.

ఆ సంగతి నేను ఇంట్లో భోజనం వడ్డిస్తూ మామూలుగా చెప్పాను. మా ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "ఎడమపక్క గుంట లోతుగా, కుడిపక్కది పైపైన ఉందా?" అని అడిగారు. అవునన్నాను. "గాసికి కుడివైపు పన్ను సగం విరిగిపోయి ఉండీది," అని చెప్పి లేచి వెళ్ళి, దీపం ముందు సాష్టాంగపడిపోయారు. ఎంతసేపటికీ లేవకపోతే నాకు భయం వేసింది.

మర్నాడే ఇద్దరం నెల్లిగూడ బయల్దేరాం. చెప్పుల్లేని కాళ్ళతో ఆయన ఆ రాళ్ళబాటలో నాకన్నా ముందు నడిచారు. రత్న నల్లబట్టలు చూసి గౌరవంగా చాప పరిచింది. ఎండలో వచ్చారని బుర్రలో చోడి అంబలి తెచ్చి ఆయన చేతికి అందించబోయింది.

ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకుని దణ్ణం పెట్టారు. "మాలలో ఉన్నాను మాతా. బయట ఏటీ పుచ్చుకోకూడదు. ఎంగిలి తగలకూడదు."

"అయ్యో, తెలీక తెచ్చీసినాను సామీ. తప్పైపోనాది," అంది రత్న. బుర్ర నాకిచ్చింది. నేను తాగాను. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు, నియమం అలాంటిది, ఎవరింట్లోనైనా అదే చెప్పేవారు. కానీ రత్న ఆ తర్వాత చాపకి కాస్త దూరంగా జరిగి కూచోవడం నేను చూశాను.

తను గాసి పక్కన వాయించినవాణ్ణని ఆయన చెప్పాక, రత్న మూట విప్పి దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. పైనుంచి జారవిడిచింది, చెయ్యి తగలకుండా. మా ఆయన దాన్ని వెలుగుకెత్తి చూడలేదు, గోటితో గీకలేదు. బొటనవేలు ఆ గుంటల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. అలా మూసుకునే దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకున్నారు.  వేలెడు దూరంలో ఆగిపోయారు.  నెమ్మదిగా దింపేశారు.

"స్వామి నా మొర విని సూపించినాడు," అన్నారు నాతో. "ఆయన మాల మెళ్ళో ఉండగా ఆయన నియమం నానే తప్పితే ఎలాగ?"

నాకు కోపమొచ్చింది. ఊదేయండి, ఆ స్వామేమీ అనుకోడు అనాలనిపించింది. ఆ మొహం చూశాక నోరు రాలేదు.

వెల సంగతి ఎత్తబోతే రత్న చెయ్యి అడ్డం ఊపింది. "ఆడి నోటిది అమ్ముకుంటానేటి సామీ? నువ్వు ఆడి పక్కన ఊదినోడివి. ఊరికే ఇచ్చీత్తాను. గానీ ఇక్కడ నా ముందర ఒకపాలి ఊది పట్టుకెళ్ళు. ఆ కూత ఇని ఎన్నేళ్ళైపోనాదో."

"మాల తీసిన మర్నాడే వస్తాను మాతా. అంతదాకా నీ దగ్గరే ఉండనీ."

"అలాగే సామీ. నువ్వొచ్చినప్పటికి సుబ్బరంగా సేసి ఉంచుతాను," అంది. ఆయన ఆ సంతోషంలో తలూపారు. నేనూ ఊపాను. అతిథికి చెప్పే మర్యాదమాట అనుకున్నాను.

మిగిలిన దీక్ష రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు, ఆయనకి తెలుసు. సాక్సాఫోను మీటల కింది మెత్తలన్నీ కొత్తవి వేశారు. ఇత్తడి మీద తన మొహం కనబడేదాకా తుడిచారు. రీడు బద్దలు నీళ్ళలో నానేసి, ఆరబెట్టి, బ్లేడుతో గీకి, మళ్ళీ నానేసేవారు. భీమన్న కబురు పెడితే పోలేదు. అన్నం ముందు కూచుని ఉన్నట్టుండి బొటనవేలూ చూపుడువేలూ కొంచెం ఎడంగా పట్టుకుని, "ఇంత దూరం మాతా. ఇంతే," అనేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ జబ్బు అంటుకుంది. నేనెప్పుడూ వినని ఆ అడుగు స్వరం కోసం నాకూ చెవులు లాగేవి. మా అప్పగింతలప్పుడు బ్యాండులో గాసి లేడు. మా అమ్మ ఏడ్చింది గానీ, నేను ఏడవలేదు. ఆ రోజు ఏడవవలసిందేదో నాలో ఇంకా ఉండిపోయినట్టు, అది విన్నప్పుడు బయటికొస్తుందన్నట్టు ఎదురుచూశాను.

మకరజ్యోతి చూసి వచ్చారు. మాల తీశారు. గడ్డం గీసుకుంటే మనిషి చిన్నవాడైపోయాడు. మర్నాడు పొద్దున్నే సాక్సాఫోను పెట్టె భుజాన వేసుకుని కొండెక్కాం. దారంతా ఆయన నవ్వుతూ నడిచారు.

రత్న మంచి చీర కట్టుకుని వాకిట్లోనే ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని నలుగురిని పిలిచింది. వాకిలి అలికించింది. లోపల్నించి కొత్త తువ్వాలు మడత తెచ్చి, ఈసారి దగ్గరికొచ్చి, రెండు చేతులతో ఆయనకి అందించింది.

మా ఆయన మడత విప్పారు. అందులో ఉన్నది నల్లగా లేదు. కుళ్ళిన ఆకు రంగులో, పసుపు చారలతో ఉంది. కాల్చిన తుపాకీ మందు వాసనలాంటిదేదో గుప్పున కొట్టింది. నాకు ముందు అర్థం కాలేదు. ఆయన మొహం చూశాక అర్థమైంది.

"ఏటి బాబూ, అలా సూత్తన్నావు? సుబ్బరంగా నేదా?" అంది రత్న. తర్వాత నా వైపు గర్వంగా తిరిగింది. "నర్సమ్మ సూదులు మరగబెట్టినట్టే మరగబెట్టినాను. పసుపేసినాను. బుడగలొచ్చినాక కూడా బేగి దించీనేదు. రోజూ అదే పని. ఇంక మా ఎంగిలి దాన్లో ఉంటే ఒట్టు. ఆ పళ్ళ గుంటలే పోనేదు. అసలు ఎంగిలంతా అక్కడే గదా ఉంటాది. అందుకే గెడ్డ నీళ్ళకాడ రాయి మీద పెట్టి అరగదీసీసినాను. ఇప్పుడు సూడు, ఎంత నున్నగుందో."

చెబుతూ ఆవిడ చెయ్యి చాపి బొటనవేలితో దాని వీపు మీద రాసింది. వేలు అలవాటుగా అటూ ఇటూ వెతికింది. అక్కడేమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది.

నాకు ఏడుపు రాలేదు. అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలీలేదు. ఎబొనైట్‌ని మరిగే నీళ్ళలో వేస్తే రంగు మారుతుందని, వంపు తిరిగిపోతుందని నాకు తెలీదు. మా ఆయనకి తెలుసు. బాలాచారి పొద్దుగూకేదాకా కూచుని తీర్చిన వంపు ఇక అందులో లేదని ఆయనకి చూసీ చూడగానే తెలుసు. నేను నోరు తెరవబోతే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"సాలా సుబ్బరంగా ఉందమ్మా," అన్నారు. "ఇంత సుబ్బరంగా ఎవరూ ఉంచరు."

పెట్టె తెరిచి సాక్సాఫోను తీశారు. ముక్క తగిలించారు. నానబెట్టి తెచ్చిన రీడు బిగించారు. నిలబడి, నోట్లో పెట్టుకుని ఊదారు. ముందు ఉత్తగాలి బుస్సుమంది. ఇంకా గట్టిగా ఊదితే కీచుమని ఒక అరుపు వచ్చింది. వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి. ఆడవాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు. వందల పెళ్ళిళ్ళలో వాయించిన మనిషి, ఒక్క అపస్వరం పలికితే ఆ పూట అన్నం తినని మనిషి, చెవులదాకా ఎర్రబడిపోయారు. అడుగు స్వరం పట్టబోయారు. గొంతు పూడినట్టు బొంగురుగా కాస్త పలికి, విరిగి, మళ్ళీ కీచుమంది. అప్పగింతల పాట ఎత్తుకున్నారు. అది పాటని తెలిసినవాళ్ళకి తప్ప తెలీదు. సగంలో ఆపేసి సాక్సాఫోను దించారు.

నేను రత్న మొహం చూడలేక నేల చూశాను. పోయినవాడి పాట వినాలని ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషికి చివరికి దక్కింది ఇదా అనుకున్నాను.

"రత్నమ్మా," అన్నారు మా ఆయన.  "అది... నాకు సరిగ్గా..."

రత్న కళ్ళు మూసుకుని ఉంది. తెరిచింది. మొహమంతా తడి. కానీ నవ్వుతోంది, పెళ్ళికి ముందు పిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నీకెలా తెలిసింది బాబూ?" అంది. "మాకు మనువైన కొత్తలో ఆ పెద్ద బూర మొదటిపాలి తెచ్చినప్పుడు ఆడు ఇలాగే ఊదీవోడు. సేతకాక ఏడిసీవోడు. ఊరోళ్ళంతా తిట్టీసీవోరు. నన్ను ఎంటబెట్టుకుని గెడ్డ కాడికి పోయి ఊదీవోడు. కోతులు కూడా పారిపోయీవి. నాను ఒక్కర్తినే కూకుని ఇనీదాన్ని. బాగా ఊదడం వచ్చినాక మరి కొండమీద ఊదనేదు, మీ పెళ్ళిళ్ళకే పోనాడు. ఆ బాగా ఊదిన పాట నాకేటి తెలుసు? ఒక్కపాలీ నాను ఇన్నేదు. నాకు తెలిసిన కూత ఇదే."

మా ఆయన వంగి ఆ రంగుపోయిన ముక్కని చూసుకున్నారు. 

"ఇంకోపాలి ఊదు బాబూ," అంది రత్న.

ఆయన సాక్సాఫోను ఎత్తారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు. ఇందాకటిలా బాగా వాయించాలని ప్రయత్నించలేదు. చేతకాని కుర్రాడిలా బుగ్గలు పొంగించి, పిచ్చిగా, బలంకొద్దీ ఊదారు. ముందుకన్నా ఘోరంగా అరిచింది. కోళ్ళు మళ్ళీ లేచాయి. రత్న గోడకి జారబడి కూచుంది.

"ఆఁ," అంది. "అదే. అచ్చం ఆడే."